ద్రాక్షరసానికి ఆవకాయ వాసెన

మా వంటింటి గూట్లో వెడల్పు మూతి గాజు సీసా ఒకటి ఉంటుంది. మూతికి పల్చటి గుడ్డ, గుడ్డకో రబ్బరు బ్యాండు. లోపల పుల్లటి నీళ్ళ మీద తాటిముంజెలాంటిది ఒకటి తేలుతుంటుంది. గల్ఫు ప్రయాణం పెట్టుకున్న అమ్మాయిలు నా దగ్గరికి వస్తుంటారు, అక్కడి ఇళ్ళలో పని ఎలా ఉంటుంది, ఏం తీసుకెళ్ళాలి అని అడగడానికి. కూర్చున్న రెండో నిమిషానికి అందరి చూపూ ఆ సీసా మీదికే పోతుంది.

"ఇదేంటండీ పిన్నిగారూ? పాడైపోయిన కొబ్బరినీళ్ళా?" అని అడిగింది మొన్న వచ్చిన పిల్ల.

"పాడైపోయిన మాట నిజమే. కొబ్బరినీళ్ళు కాదు, వైన్," అన్నాను.

పిల్ల కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

ఆ పిల్లకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. నేను అక్షరాలు దిద్దింది యాభై ఏడో ఏట, మా మహిళా సంఘం గదిలో. అందుకని పొట్టి వాక్యాలే వస్తాయి, సర్దుకోండి. సౌదీలో పదకొండేళ్ళు ఇంటిపని చేశాను. అందులో ఒక మూడు వారాలు, మందు మాటెత్తితేనే జైలు అనే దేశంలో, నా రెండు చేతులతో ఆరు జాడీల ఎర్ర వైన్ తయారుచేశాను. తెలిసి చెయ్యలేదు. ఆ మాటకొస్తే నేను చేసిందల్లా శుభ్రంగా ఉండటమే.

ఆ ఇల్లు తాయిఫ్‌లో, ఊరికి కాస్త ఎడంగా కొండవాలులో ఉండేది. సౌదీ అంటే ఇసుకా ఎండా అనుకుంటారు మీరు. తాయిఫ్‌లో వేసవిలో కూడా తెల్లవారుజామున దుప్పటి వెతుక్కోవాలి. దానిమ్మలు, గులాబీలు, ద్రాక్ష అన్నీ పండుతాయి. కోతులు కూడా మెండు. కుక్కంత కోతులు. మా పెరట్లో ద్రాక్షపందిరి మొత్తానికి వల కప్పి ఉండేది వాటి బాధకే. వల కింద కాసే పళ్ళు నల్లగా, చిన్నగా, గింజలతో ఉండేవి. బజారు ద్రాక్షతో పోలిస్తే తినడానికి ఏమీ బాగుండవు. "ఈ పుల్లకాయల కోసమా ఇంత కాపలా" అని మొదటి ఏడాది అనుకున్నాను. పైకి అనలేదు, అప్పటికి నాకు అంత అరబ్బీ రాదు.

ఇంటి యజమానిని కఫీల్ గారనేవాళ్ళం. రిటైరయిన ఇంజినీరు, రోజుకి పది మాటలకి మించి మాట్లాడడు, అందులో ఆరు టీ గురించే. ఆయన భార్య మేడం. అరవై దాటిన మనిషి, లెబనాన్ దేశపు ఆడపడుచు. చదువుకోవడానికి వెళ్ళిన ఆయన అక్కడ ఈవిణ్ణి చూసి, పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. ఆవిడ పుట్టింటి వాళ్ళది వైన్ తీసే ఇల్లు. కొండ కింద రాతి గదులు, వాటినిండా వరసగా చెక్క పీపాలు. వాళ్ళ ఎర్ర వైన్‌కి ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చేవారట. ఆ ఎరుపు ఇంకెవరి చేతికీ రాదనేవారట. తర్వాత యుద్ధం వచ్చింది. అన్నదమ్ములు తలో దేశం పట్టారు. తోట అమ్ముడుపోయింది. ఇప్పుడా రాతి గదుల మీద పెళ్ళిళ్ళ హాలు ఉందట. పాత పేరుతో సీసాలు ఇంకా వస్తున్నాయట గానీ, పేరు ఒక్కటే వాళ్ళది, రసం వేరే ఎవరిదో.

ఇదంతా ఆవిడ ఒక్కసారిగా చెప్పింది కాదు. ఏటా ద్రాక్ష గుత్తుల నుంచి కాయలు వొలుస్తూ ఇంత ఇంత చెప్పేది.

పెళ్ళయి వచ్చేటప్పుడు ఆవిడ పుట్టింటి నుంచి రెండు తెచ్చుకుంది. ద్రాక్షతీగ ముక్కలు నాలుగు, ఒక సీసాలో సిర్కా. సిర్కా అంటే మన వెనిగరే. వాళ్ళ తాతగారి రాతి గదిలో ఒక మూల పీపా ఉండేదట, చెడిపోయిన వైన్ అందులో ఒంపేవాళ్ళట. తాతగారికి ఆ పీపా అంటే పరమ అసహ్యం, చుట్టాలొస్తే దాని మీద గోనె కప్పించేవాడట. నాయనమ్మ మాత్రం అందులోంచి సిర్కా తీసి వంటల్లో వాడేది. "తాతకి తలవంపులు తెచ్చిన పీపా అది. అంత పెద్ద ఇంట్లో చివరికి ప్రాణంతో మిగిలింది అదొక్కటే," అని మేడం నవ్వేది.

ప్రాణం అని ఊరికే అనలేదు. మంచి సిర్కా మీద ఒక పొర కడుతుంది. లేత ముంజెలా జారుతూ, కదిలిస్తే వొణుకుతూ ఉంటుంది. వాళ్ళ భాషలో దాన్ని సిర్కా తల్లి అంటారు. కొత్త ద్రాక్షరసాన్ని సిర్కాగా మార్చేది ఆ తల్లే. మేడం దగ్గరున్నది ఆ మూల పీపాలోని తల్లికి పిల్లా, ఆ పిల్లకి పిల్లా. ఒక చిన్న జాడీలో, చల్లగా చీకటిగా ఉండే సామాన్ల గదిలో ఉండేది. ఆ గదిలోకి నన్ను ఊడ్చడానికి తప్ప రానిచ్చేది కాదు. నాలుగేళ్ళు అలాగే గడిచాయి.

అయిదో ఏడు ద్రాక్ష కోసి, తొక్కి, ఆరు జాడీల్లో పోశాం. ఒక్కో దాంట్లో తల్లి జాడీ నుంచి గరిటెడు సిర్కా కలిపాం. మూతులకి పల్చటి గుడ్డలు కప్పాం. ఆ వారమే బీరూట్ నుంచి ఫోనొచ్చింది. మేడం అక్కగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. చూసుకునే మనిషి లేదు. మేడం రెండు నెలలకని బయల్దేరింది.

నాకు చదువు రాదు కాబట్టి చెయ్యాల్సిన పనులన్నీ ఫోన్లో వాయిస్ మెసేజీలుగా పెట్టింది. కఫీల్ గారి మాత్రలకొకటి, కోతుల వలకొకటి, సిర్కాకొకటి. సిర్కాది అన్నిటికంటే పొడుగు. సగం వినేసరికి గ్యాస్ బండ తెచ్చినవాడు గంట కొట్టాడు. మిగతా సగం తర్వాత విందాంలే అనుకున్నాను. పచ్చళ్ళ గోదావరి జిల్లాలో పుట్టిన మనిషిని. జాడీల సంగతి నాకు ఇంకొకరు చెప్పాలా?

నాలుగో రోజుకి గదిలో నుసుములు చేరాయి. మిగల ముగ్గిన అరటిపండు మీద ముసురుతాయే, అవే. ముందు పది, తర్వాత వంద, ఆ తర్వాత తలుపు తీస్తే మొహం మీదికి ఒక తెర లేచేది. అదే రోజుల్లో కఫీల్ గారి అక్కగారు వచ్చింది. నేనావిణ్ణి పెద్దావిడ అనేదాన్ని. డెబ్భై దాటిన మనిషి, అయిదు పూటలా నమాజు, చేతిలో ఎప్పుడూ జపమాల, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక వంక. సామాన్ల గది గుమ్మంలో నిలబడి ముక్కు చిట్లించింది.

"ఈ నుసుములేంటి?"

అంతే అంది. అని వెళ్ళిపోయి ఖర్జూరాలు తింటూ కూర్చుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మేడం లేనప్పుడు ఇల్లు మురికిగా ఉంచానని పదిమందికీ చెప్తుందేమో! నా శుభ్రానికి వంక పెట్టిన మనిషి అప్పటిదాకా పుట్టలేదు.

మర్నాడు పొద్దున్నే పనిలోకి దిగాను. జాడీల మూతులు తుడిచాను. పల్చటి గుడ్డలు తీసిపారేశాను. మూతి మీద దళసరి ప్లాస్టిక్ కాగితం వేసి, దాని మీద ఉతికిన తెల్లగుడ్డ నాలుగు మడతలు వేసి, పురికోసతో మూడు చుట్లు బిగించి వాసెన కట్టాను. మా ఊళ్ళో ఆవకాయ జాడీకి నేను వాసెన కడితే చీమ కాదు, చీమ ఆలోచన కూడా లోపలికి పోదనేవాళ్ళు. ఆరు జాడీలకీ కట్టాను. పన్లో పనిగా తల్లి జాడీకీ కట్టాను. మూడు రోజుల్లో ఒక్క నుసుము లేదు. గది అద్దంలా ఉంది. పెద్దావిడ ఎప్పుడొస్తుందా, ఎప్పుడు చూపిద్దామా అని ఎదురుచూశాను.

చదువు రాక చేసిన తప్పు కాదమ్మా అది. ఇది నాకు తెలుసులే అనుకుని చేసిన తప్పు. చదువుకున్నవాళ్ళు కూడా చేస్తారు, తర్వాత చాలా చూశాను.

మూడో వారంలో ఒకరోజు దుమ్ము దులపడానికి వెళ్తే తెల్లగుడ్డలు పూరీల్లా పొంగి ఉన్నాయి, ఆరుకి ఆరూ. ఆవకాయ ఏనాడూ ఇలా పొంగదే అనుకుని, తలలోని పిన్ను తీసి ఒకదానికి పొడిచాను. సుయ్యిమని గాలి వచ్చింది. ఆ గాలితోపాటు ఒక వాసన వచ్చింది.

ఆ వాసన నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మా నాన్న తాటిచెట్లు గీసేవాడు. అమ్మ కుండ ముందు పెట్టుకుని కల్లు అమ్మేది. పొద్దున దింపిన కల్లు తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి నురగతో ఘాటెక్కుతుంది, ఇంకా ఉంచితే పులిసి నోట పెట్టలేం. ఇప్పుడు జాడీలోంచి వచ్చింది మధ్యాహ్నపు కుండ వాసన. తియ్యదనం పోయి, పులుపు ఇంకా రాని వాసన.

పెరట్లోకి పరిగెత్తి డ్రైవరు భాయిని పిలిచాను. హైదరాబాద్ మనిషి, ఆ ఇంట్లో నాకంటే ఎనిమిదేళ్ళు ముందు నుంచీ ఉన్నాడు. నా ఫోనులో డబ్బులు వెయ్యడం నుంచి అక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కాగితాలు చదివి చెప్పడం దాకా అన్నిటికీ ఆయనే దిక్కు. గుమ్మం దాకా వచ్చాడు. ముక్కు ఎగబీల్చాడు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"అక్కా, గిదేంది?"

"సిర్కా భాయ్. కొంచెం… ఇంకా అవ్వలేదు."

"సిర్కానా? హైదరాబాదోన్ని నాకే చెప్తున్నవా? గిది మందు! తౌబా తౌబా. ఎవరన్న జూస్తే మనిద్దరికి ఖురూజ్ ముద్ర కొట్టి ఇంటికి తోల్తరు. గది గూడ జైల్లకెళ్ళి బయటికొస్తే!"

"నేనేం చేశాను భాయ్? వాసెన కట్టానంతే."

"ఏం కట్టినవో ఏమో. నేను సూడలే, నువ్వు సెప్పలే. మొత్తం మోరీల పొయ్యి. ఇప్పుడే పొయ్యి. నేను గేటు కాడ నిలవడ్త."

మోరీలో పొయ్యడానికి నేను సిద్ధమే. మొదటి జాడీ ఎత్తాను కూడా. అప్పుడు తల్లి జాడీ కనిపించింది. దాని వాసెన విప్పాను. పైన ఏమీ లేదు. లోపల చెయ్యి పెట్టి చూస్తే అడుగున తగిలింది, ముద్దలా, బూడిద రంగులో, ఊపిరి ఆడక మునిగిపోయినదానిలా. చేత్తో పట్టుకుంటే పాత రబ్బరు చెప్పు పట్టుకున్నట్టుంది. లెబనాన్‌లో యుద్ధం చెయ్యలేని పని నేను పురికోసతో చేశాను.

అక్కడే నేల మీద కూర్చుని, ఫోను తీసి, వినకుండా వదిలేసిన మెసేజీ చివరిదాకా విన్నాను. మేడం గొంతు నింపాదిగా చెప్తోంది: "…అన్నిటికంటే ముఖ్యం, గాలి ఆడాలి. మూత పెట్టావంటే తల్లి చచ్చిపోతుంది. నుసుములొస్తాయి, రానీ, ఏమీ అనకు."

ఆవిడకి ఫోను చెయ్యడానికి నాకు ఒకటిన్నర రోజు పట్టింది. అంతసేపూ జాడీలు అలాగే ఉన్నాయి. భాయ్ గేటు దగ్గర నుంచి కనుబొమలతో అడుగుతున్నాడు, పోశావా? నేను తలతో చెప్తున్నాను, లేదు. చివరికి చేశాను. ఏడుస్తూ మొత్తం చెప్పాను. నుసుములు, పెద్దావిడ, ప్లాస్టిక్ కాగితం, పిన్ను, అడుగున ముద్ద.

ఆవిడ నేను అనుకోని ప్రశ్న అడిగింది.

"ఏ రంగులో ఉంది?"

"ఏది మేడం?"

"జాడీలోది. రంగు చెప్పు."

చెంచాలో తీసి వెలుతురులో పెట్టాను. "మా వైపు నేరేడుపండు అని ఉంటుంది. దాన్ని చిదిమితే వచ్చే రంగు."

"రుచి?"

"అమ్మో, నేను తాగను మేడం!"

"ఒక్క చుక్క. నాలిక మీద పెట్టుకుని ఉమ్మెయ్యి. నువ్వు కల్లు ఇంట్లో పుట్టావు కదా, నీకు తెలుస్తుంది."

వేలు ముంచి పెట్టుకున్నాను. "నాలిక పట్టేసింది మేడం, నేరేడుపండు తిన్నట్టే. తర్వాత కొంచెం వెచ్చగా. ఆఖర్న మిరియంలాగా ఏదో."

"ఆ మిరియం కోసమే వచ్చేవాళ్ళు మా తాత దగ్గరికి," అంది. "నలభై ఏళ్ళుగా ఆ తీగెల్లో అది ఉందో లేదో నాకు తెలీదు. రసాన్ని నేనెప్పుడూ వైన్ దగ్గర ఆగనివ్వలేదు."

వెంటనే గొంతు మారింది, వంటింట్లో అజమాయిషీ చేసే గొంతు వచ్చేసింది. "పారబొయ్యకు. తల్లి చచ్చిపోలేదేమో, సొమ్మసిల్లిందేమో. దానికి తిండి ఈ వైనే. వెడల్పు మూతి పాత్రలో పెట్టు, రోజూ రెండు గరిటెలు పొయ్యి, పసిబిడ్డకి పట్టినట్టు. జాడీల వాసెనలు విప్పి పల్చటి గుడ్డలు వెయ్యి, కిటికీ తెరువు."

"మేడం, ఎల్లుండి శుక్రవారం. పెద్దావిడ వాళ్ళంతా భోజనానికి వస్తారు. వాసన…"

"శుక్రవారం సంగతి నువ్వే చూసుకో," అని పెట్టేసింది. అక్కగారికి మందు వేసే వేళయిందట.

భాయికి చెప్తే నెత్తి పట్టుకున్నాడు. కానీ సాయంత్రం బజారుకి పోయి వెడల్పు మూతి గాజు పాత్ర తెచ్చాడు. గదిలోకి రాలేదు. మొహం అటు తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, కిటికీలోంచి అందించాడు. "నేనేం ఇయ్యలే అక్కా. నా చెయ్యి ఊకెనే లోపలికొచ్చింది," అన్నాడు. అప్పట్నుంచి పొద్దునా సాయంత్రం గేటు దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న: "అమ్మకెట్లుంది అక్కా?" కఫీల్ గారు ఒకసారి విని, ఎవరి తల్లికి ఒంట్లో బాగాలేదని అడిగాడు. భాయ్ నీళ్ళు నమిలాడు. దేవుడు చల్లగా చూస్తాడులే అని ఆయన నా వైపు చూసి తలాడించాడు. ఆ రోజు ఆయన కోటాలో ఆ మాటలు అదనం.

శుక్రవారం తెల్లవారింది. వాసెనలు విప్పాక వాసన తగ్గలేదు సరికదా, ఇంకా లేచింది. సాంబ్రాణిలాంటి బఖూరు వాళ్ళు అతిథులొస్తే వేస్తారు. నేను వంటింట్లో ఒకటి, నడవలో రెండు, సామాన్ల గది గుమ్మంలో ఒకటి వెలిగించాను. ఇల్లంతా పొగ. కఫీల్ గారు తుమ్మి తుమ్మి తోటలోకి వెళ్ళిపోయాడు. ఇది చాలదనిపించింది. ఒక జాడీ ఎత్తుకుని పెరటి మోరీ దగ్గరికి వెళ్ళాను. ఇది పోతే ఒకటి తగ్గుతుంది, రెండోది పోతే ఇంకొంచెం తగ్గుతుంది. వంచాను. సన్నటి ధార ఒకటి జారి సిమెంటు మీద ఎర్రగా పడింది. ఆ ఎరుపు చూడగానే చెయ్యి ఆగిపోయింది. గాజు పాత్రలో ఆ ముద్ద ఇంకా అడుగునే ఉంది. ఇదంతా పారబోస్తే రేపు పొద్దున దానికి ఏం పొయ్యను? జాడీ తిరిగి లోపల పెట్టి, సిమెంటు ముమ్మారు కడిగాను.

మధ్యాహ్నం నమాజు అవగానే వాళ్ళొచ్చారు. పెద్దావిడ, ఇద్దరు కూతుళ్ళు, అల్లుళ్ళు, పిల్లలు. గుమ్మంలోనే పెద్దావిడ దగ్గింది. "ఇవాళ ఈ ఇంట్లో ఎవరి పెళ్ళి?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే మాంసం కలిపి వండిన కబ్సా అన్నం పళ్ళెం దించబోతుంటే, ఆవిడ నా వెనకే వంటింట్లోకి వచ్చింది.

"ఆ గది తలుపు తియ్యి."

"తాళంచెవి ఎక్కడో…"

"నీ నడుముకే ఉంది."

తీశాను. ఆవిడ లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడింది, జపమాల తిప్పుతూ. పొగలో ఆరు జాడీలు, బల్ల మీద గాజు పాత్ర. నా కళ్ళ ముందు విమానం, మా ఊరి బస్టాండు, మా ఆడపడుచు మొహం వరసగా కనిపించాయి.

"ఎన్నాళ్ళు మూసిపెట్టావు?" అంది.

"ఇరవై రెండు రోజులమ్మా."

"నీకెవరు మూయమన్నారు?"

ఇక పోయేదేముందని చెప్పేశాను. "మీరేనమ్మా. నుసుములేంటని అడిగారు కదా."

ఆవిడ జపమాల ఆగింది. "అడిగాను. ఏటా అడుగుతాను. ఏటా మా మరదలు, వాళ్ళు నా పనివాళ్ళు వదినా, జీతం అడగరు అంటుంది. ఇద్దరం నవ్వుకుంటాం. నలభై ఏళ్ళుగా ఇదే మాట. ఈ ఏడాది మా మరదలు ఇక్కడ లేదు. అలవాటుకొద్దీ నిన్ను అడిగాను." నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "నువ్వు వెళ్ళి పనివాళ్ళందరినీ తరిమేశావు."

జాడీల చుట్టూ చూశాను, ఒక్క నుసుమూ లేదు.

"తియ్యటి రసం ఒక్కరోజులో సిర్కా అవదని నాకు తెలీదనుకున్నావా? మధ్యలో ఏమవుతుందో ఈ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ వారం పదిరోజులు నేనీ గుమ్మం తొక్కను. మా తమ్ముడు ఈ కిటికీ వైపు నడవడు. దేవుడు దాన్ని దాటించేస్తాడు. ఆగిపొమ్మని కట్టేసింది నువ్వు." ముసుగు అంచుతో ముక్కు మూసుకుని, గాజు పాత్ర వైపు గడ్డం ఎత్తింది. "తల్లి బతికుందా?"

"తెలీదమ్మా. పోస్తున్నాను రోజూ."

"పొయ్యి. ఆ పొగ ఆర్పు ముందు, నుసుములు ఎలా వస్తాయి పొగలో? కిటికీలో ఒక ముగ్గిన అరటిపండు పెట్టు."

తలుపు తనే దగ్గరికి వేసింది. వెళ్ళి అందరితో కూర్చుని, పళ్ళెంలోని మాంసం ముక్క విరుస్తూ పెద్ద గొంతుతో చెప్పింది: "ఆ పిచ్చిది ఖర్జూరం పాకం మాడబెట్టింది. ఆ వాసన దాచడానికి ఇంట్లో బఖూరంతా తగలేసింది." అందరూ గొల్లున నవ్వారు. పెద్దల్లుడు నాకు పాకం ఎంత మంట మీద కాచాలో పది నిమిషాలు చెప్పాడు. తలొంచుకుని విన్నాను. పదకొండేళ్ళలో అంత సంతోషంగా చివాట్లు తిన్నది ఆ ఒక్క రోజే. కఫీల్ గారు మాత్రం నవ్వలేదు. సలాడు కలుపుకుంటూ, "ఈ ఏడు సిర్కా ఆలస్యమవుతుందన్నమాట," అన్నాడు.

అరటిపండు పెట్టాను. నుసుములు మర్నాడే వచ్చాయి. జీవితంలో మొదటిసారి నుసుముల్ని చూసి, రండి రండి అన్నాను. భాయ్ కూడా తనవంతుగా కారులో మగ్గిపోయిన జామకాయ ఒకటి తెచ్చి కిటికీలో పెట్టాడు, కళ్ళు మూసుకునే.

రోజూ రెండు గరిటెలు. వారం అయింది, ఏమీ లేదు. పది రోజులయ్యాయి, లేదు. పదమూడో రోజు పొద్దున గరిటె ముంచబోతే పైన ఏదో మెరిసింది. చల్లారిన పాల మీద తొలి మీగడలా, ఊదితే చెదిరేంత పల్చటి పొర. నేను ఊపిరి బిగబట్టి వెనక్కి నడిచి, గేటు దాకా పరిగెత్తాను.

"భాయ్! లేచింది!"

ఆయన కారు తుడుస్తున్న గుడ్డ భుజాన వేసుకుని రెండు చేతులూ పైకెత్తాడు. "అల్హందులిల్లా! జర సల్లగుండనీ మన అమ్మ. ఇగ నాకు నిద్ర పడ్తది."

మేడం వచ్చేసరికి పొర చిటికెనవేలు మందం అయింది. ఆరు జాడీలూ పులుపెక్కిపోయాయి. ఆ వాసన అసలు లేదు. విమానం దిగి వచ్చిన మనిషి మంచినీళ్ళయినా తాగకుండా నేరుగా గదిలోకి వెళ్ళింది. గాజు పాత్ర ముందు వంగి చాలాసేపు చూసింది. వేలితో పొరని మెల్లగా తాకింది. అది వొణికింది. తర్వాత జాడీల మీది గుడ్డలు ఒక్కొక్కటే ఎత్తి వాసన చూసింది. ఆరోది చూశాక నా వైపు తిరిగింది.

"అది కొంచెం కూడా ఉంచలేదా?"

ఏది అని నేను అడగలేదు. "లేదు మేడం. అంతా తల్లికే పోశాను. మిగిలింది అదే దాటిపోయింది."

"మంచి పని చేశావు," అంది. "ఉంచి ఉంటే నేను ఏం చేసేదాన్నో నాకే తెలీదు."

అని పక్కనే అలమరలో చెయ్యి పెట్టింది. పల్చటి గుడ్డలకోసం అనుకుంటాను. చేతికి వచ్చింది నా వాసెన గుడ్డ. జాడీ పొంగినప్పుడు రసం ప్లాస్టిక్ అంచు నుంచి ఎగదన్ని, నాలుగు మడతలూ తడిసి, నేరేడు రంగులో ఎండిపోయి ఉంది. ఉతుకుదామని పక్కన పెట్టి హడావుడిలో మర్చిపోయాను. నా ప్రాణం చచ్చిపోయింది, ఇంత మురికి గుడ్డ మేడం చేతిలో. "ఇలా ఇవ్వండి, ఇప్పుడే నానబెడతాను," అని చెయ్యి చాచాను.

ఆవిడ ఇవ్వలేదు. రెండు చేతుల్తో మొహానికి ఆనించుకుంది. అలాగే నిలబడింది. నుసుములు ఆవిడ జుట్టు మీద వాలుతున్నాయి, తోలలేదు.

నేను ఇంటికి వచ్చేసే ఏడాది ఆవిడే తల్లిలోంచి ముంజె అంత ముక్క కోసి సీసాలో పెట్టి ఇచ్చింది. గూట్లో మీరు చూసింది అదే. ఇక్కడ ద్రాక్ష లేదు కాబట్టి మా తమ్ముడు దింపిన తాటికల్లు పోస్తున్నాను. మొదట రెండు వారాలు అలిగింది, తర్వాత తాగుతోంది. సిర్కా తెల్లగా వస్తుంది, ఎరుపు లేదు, మిరియం లేదు. ఉల్లిపాయలకి బాగానే ఉంటుంది.

వచ్చేసేముందు సామాన్లు సర్దుతూ మేడం బట్టల బీరువా చివరిసారి తుడిచాను. పట్టుబట్టల కింద, పుట్టింటి ఫోటోల పక్కన, ఆ గుడ్డ నాలుగు మడతలతో అలాగే ఉంది. చెయ్యి పోయింది గానీ మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. పదకొండేళ్ళలో ఆ ఇంట్లో నేను ఉతక్కుండా వదిలేసిన గుడ్డ అదొక్కటే.